రాబోవు చిత్రం

ఆడవాళ్ల బతుకులో సగం ఎదురుచూడటంతోనే సరిపోతుందని ఎవరైనా అంటే నేను కాదనను. తెల్లవారుతూనే పాలకోసం చూడాలి. ఏడు దాటితే పనిమనిషి కోసం చూడాలి. గ్యాసు బండకు చెప్పి నాలుగు రోజులైతే వీధిలో ఏ ఆటో చప్పుడైనా తొంగి చూడాలి. సాయంత్రమయ్యేసరికి ఇంటికి రావలసినవాళ్ల కోసం ఒకసారి గుమ్మంలోకి, ఒకసారి గడియారం వైపు చూడాలి. పిల్లలు కాస్త పెద్దయితే పరీక్షా ఫలితాల కోసం, మరీ పెద్దయి ఏ అమెరికాకో వెళితే ఆదివారం ఫోను కోసం. ఇన్ని ఎదురుచూపుల్లోనూ ఒక తమాషా ఉంది, మీరు గమనించే ఉంటారు. వచ్చేవన్నీ ఇంటికి వస్తాయి. అచ్చంగా మనకోసమంటూ వచ్చేది దాదాపు ఉండదు.

సినిమా దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క మారుతుంది. "పండక్కి ఫలానా సినిమా వస్తోందిట" అని మనసులో ఒక మూల దాచుకున్నామంటే ఆ మూల పూర్తిగా మనది. అందులో ఎవరికీ వండిపెట్టేది లేదు, ఉతికి ఆరేసేది లేదు. పప్పుకు తాలింపు వేస్తూ ఆ సినిమా పాట కూనిరాగం తీస్తే అడ్డుచెప్పేవారూ లేరు. అందుకే కాబోలు, నలభై దాటింది, నాలుగు నవలలు రాసింది, ఈవిడ ఇంకా రాబోయే సినిమాల కబుర్లు వెతుక్కుంటుందేమిటని ఎవరైనా నవ్వినా నాకు బొత్తిగా సిగ్గనిపించదు.

సిగ్గు లేదు గాని, ఒక సందేహం మాత్రం చాలాకాలంగా ఉంది. ఇలా ముందే ఆశపెట్టుకోవడం మంచిదేనా? ఆశపడితే నిరాశ తప్పదనీ, ఏమీ అనుకోకుండా ఉంటే వచ్చిందల్లా లాభమేననీ మన పెద్దలు చెబుతూనే ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఈ ప్రశ్న సినిమాతో మొదలైనా సినిమాతో ఆగేది కాదు. కొడుకు మీద ఆశ, రాబోయే కోడలి మీద ఆశ, ఆయన రిటైరయ్యాక ఇద్దరం కాశీ వెళదామన్న ఆశ, అన్నీ ఈ కోవలోవే. అంచేత సినిమాను అడ్డం పెట్టుకునే ఆలోచిద్దాం. దెబ్బ తగిలినా మూడు గంటలకు మించి నొప్పి ఉండదు.

మా అమ్మ తరంలో సినిమా కబురు మోసుకొచ్చేది రిక్షా. దానికొక మైకు, రెండు పక్కలా అట్టలకంటించిన పోస్టర్లు, లోపల కూర్చున్న మనిషి గుప్పిళ్లతో విసిరే రంగు కాగితాలు. థియేటరులో ఇంటర్వెల్లో "రాబోవు చిత్రం" అని స్లైడు వేసేవారు. బయట పాటల పుస్తకం అమ్మేవారు. అందులో కథ సగం దాకా చెప్పి, మంచి పట్టుమీద ఉండగా "శేషం వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. బెజవాడలో విడుదలైన సినిమా చిన్న ఊళ్లకు రావాలంటే నెలలు పట్టేది. ఆ నెలలన్నీ మా అమ్మలాంటివాళ్లు ఆ సగం కథను తమకు తోచినట్టు పూర్తి చేసుకునేవారు. హీరోయిన్ చచ్చిపోతుందని ఒకావిడ, చచ్చిపోదు, పెళ్లవుతుందని ఇంకొకావిడ బావి దగ్గర వాదించుకునేవారట. నిజం చెప్పొద్దూ, కొన్ని సినిమాలకంటే ఆ బావిదగ్గరి కథలే బాగుండి ఉంటాయని నా నమ్మకం.

ఇంతకీ మనం దేనికోసం ఎదురుచూస్తాం? తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనే అని చటుక్కున చెబుతాం. దానికి మంచి సాక్ష్యం కూడా ఉంది. 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న దేశం చేతిలో పెట్టి తెర దించేశారు. జవాబు 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. ఇరవై ఒక్క నెలల పైచిలుకు! ఈ లోపల పెళ్లి పందిట్లో, రైల్లో, కూరగాయల బండి దగ్గర, ఎక్కడ విన్నా అదే ప్రశ్న.

మరి రామాయణం సంగతేమిటి? అందులో తెలియనిదేముంది? సీతమ్మను అడవిలో వదిలేస్తారనీ, లవకుశులు పుడతారనీ, చివరకు ఆవిడ భూమిలోకి వెళ్లిపోతుందనీ పలక పట్టని పిల్లకు కూడా తెలుసు. అయినా తెలుగువాళ్లు ఆ కథ కోసం 1934లో ఎదురుచూశారు. శ్రీరంజని సీతగా లవకుశ వచ్చింది. ఆ సినిమా తీసిన సి. పుల్లయ్యగారే మళ్లీ రంగుల్లో మొదలుపెడితే, డబ్బు చాలక మధ్యలో ఆగిపోయి, ఆయన ఆరోగ్యం దెబ్బతిని, చివరకు కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. 1958లో మొదలైంది 1963 మార్చి 29న విడుదలైంది. మన భాషలో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి సినిమా అది. అన్నేళ్లు ఆగిన జనం బళ్లు కట్టుకుని మరీ వెళ్లారు. మళ్లీ 2011 నవంబరు 17న బాపుగారి శ్రీరామరాజ్యం వచ్చింది. ఆ కథకు మాటలు రాసిన ముళ్లపూడి వెంకటరమణగారు అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశారు. తను రాసింది తెరమీద చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. ఎదురుచూపు చూసేవాళ్లకే ఉంటుందనుకుంటాం గాని, తీసేవాళ్లకూ ఉంటుంది.

కథ తెలిసీ ఎదురుచూశామంటే, ఏం జరుగుతుందన్నది పైకి చెప్పుకునే సాకు మాత్రమే అన్నమాట. అసలు చూసేది, తెలిసిన ఆ దుఃఖాన్ని మళ్లీ ఒకసారి నలుగురితో కలిసి కూర్చుని ఏడవడం కోసం. అంజలీదేవి అడవిలో నిలబడితే హాలంతా ముక్కులు చీదుకోవడం కోసం. ఇంట్లో ఏడిస్తే ఎందుకని అడుగుతారు. సినిమాహాల్లో అడగరు. ఆ సంగతి మన ముందుతరం వాళ్లకు బాగా తెలుసు.

మా పెద్దత్త ఆ తరం మనిషే. ఆవిడకు ఎనభై దగ్గరపడుతున్నాయి. ఆశపడకూడదనే వేదాంతం ఆవిడ నోట వినాలి. 2024 నవంబరులో హిందీలో పెద్ద ఎత్తున తలపెట్టిన రామాయణం రెండు భాగాలుగా వస్తుందని ప్రకటించారు. మొదటిది 2026 దీపావళికి, రెండోది 2027 దీపావళికి అని. ఆ కబురు ఆవిడకు చదివి వినిపించాను.

"అంజలీదేవిని చూసిన కళ్లతో ఇంకెవర్ని చూస్తామే! అయినా రెండేళ్ల తర్వాత సంగతి ఇప్పుడెందుకు? నాకు దేనిమీదా ఆశ లేదు" అంది.

కాసేపు ఒత్తులు చేసుకుంటూ కూర్చుని, "రెండోది ఎప్పుడన్నావు?" అని అడిగింది.

"2027 దీపావళికి, అత్తా."

వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంది. "సగం కథ చూసి సగం చూడకుండా పోతే బాగుండదు. రెండూ అయ్యాకే వెళ్తాను" అంది.

"సినిమాకా?"

"కాదే, పైకి!"

నవ్వాను గాని, ఆ రాత్రి చాలాసేపు ఆ మాటే తలుచుకున్నాను. దేనిమీదా ఆశ లేదన్న మనిషి రెండు దీపావళులను పట్టుకుని నిలబడింది. ఆశ వదిలేయమని చెప్పేవాళ్లు, ఆశ లేకుండా మనిషి పొద్దున్నే మంచం దిగేది ఎందుకో కూడా చెబితే బాగుండును. ఫలం మీద నీకు అధికారం లేదని గీతలో కృష్ణుడు చెప్పిన మాటను మనవాళ్లు ఆశే ఉండకూడదని చదువుకున్నారేమోనని నా అనుమానం. విత్తనం జల్లే రైతు వర్షం మీద ఆశపెట్టుకోకపోతే విత్తనమే జల్లడు. కాకపోతే, వానమీద దావా వెయ్యడు. ఆశ వేరు, అధికారం వేరు.

మనం పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. ఎదురుచూడటమంటే నా దృష్టిలో చుట్టానికి పీట వేసి ఉంచడం లాంటిది. చుట్టం వచ్చాక, "నేననుకున్నంత పొడుగు లేవే నువ్వు" అని ఎవరైనా అంటారా? సినిమాను మాత్రం అంటాం. మన తలలో ముందుగానే ఒక సినిమా తీసి పెట్టుకుంటాం. దానికి కెమెరా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, వాన పడి షూటింగు ఆగడం అసలే లేదు. ఏ లోపమూ లేని ఆ సినిమాతో, మనుషులు అవస్థపడి తీసిన సినిమాను కొలుస్తాం. 2022 అక్టోబరులో ఆదిపురుష్ టీజరు చూసి జనం పెదవి విరిస్తే, జనవరిలో రావలసిన సినిమాను 2023 జూన్ 16 దాకా వాయిదా వేసుకున్నారు. అయినా మెప్పించలేకపోయారు. ఆ సినిమా బాగుందని నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పాలి. దానిలోని లోపాలు ఎన్ని, నా ఊహతో పోల్చడం వల్ల పుట్టినవి ఎన్ని అని విడదీసి చూసుకోవడం మాత్రం న్యాయం.

సినిమా విషయంలో ఈ అన్యాయం చేస్తే పోయేదేమీ లేదు. మనుషుల విషయంలో పోతుంది. ఇంటికి రాబోయే కోడలి పోస్టరు మనసులో ఎప్పుడో అంటించేసుకుంటాం. పొడుగు జడ, నెమ్మదైన మాట, సంగీతం. తలుపు తీసేసరికి కత్తిరించిన జుట్టుతో, గలగలా నవ్వుతూ, పులిహోర కూడా కలపడం రాని పిల్ల నిలబడుతుంది. ఆ పిల్ల తప్పు ఏమిటంటే, మనం తీసుకున్న సినిమాలో తను లేకపోవడం. కొడుకులూ అంతే. పుట్టకముందే వాళ్లకొక కథ రాసి, వాళ్లు తమ కథ తాము రాసుకుంటే అట్టర్ ఫ్లాపంటాం.

అలాగైతే ఏమీ అనుకోకుండా వెళ్లడమే మేలు కదా అని మీరు అడగవచ్చు. దానికి శంకరాభరణం పేరు చెబుతారు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు దానికోసం కాచుకుని కూర్చున్నవాళ్లు లేరు. పెద్ద హీరో లేడు. యాభై దాటిన నాటకాల మనిషి, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసే సోమయాజులుగారు కథానాయకుడు. మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయి. తర్వాత ఒకరు చెబితే ఒకరు, ఒకరు చెబితే ఇంకొకరు వెళ్లి, చివరకు భాష తెలియనివాళ్లు కూడా చూశారు. దాన్ని తీసిన విశ్వనాథ్‌గారు 2023లో అదే ఫిబ్రవరి 2న వెళ్లిపోయారు. ఆ రోజు తేదీ చూసి చాలామంది గుండె ఝల్లుమంది.

చూడండి, ఎదురుచూడకపోయినా గొప్పది వచ్చింది కదా అంటారు. నేను ఇంకో విధంగా అనుకుంటాను. ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నవాళ్లు అలాంటిది ఒకటి రావాలని ఏళ్ల తరబడి, పేరు తెలియకుండానే, ఎదురుచూస్తున్నవాళ్లు. మనసులో పీట వేసి ఉంది. దానిమీద ఎవరు కూర్చుంటారో వాళ్లకు తెలియదు, అంతే. ఏ ఆశా లేనివాడి ముందుకు శంకరాభరణం వచ్చినా, ఇదేదో పాత సంగీతం అని లేచిపోతాడు.

ఇంతవరకు ఆశ తరఫున మాట్లాడాను. ఇక ఆశ ముసుగు వేసుకుని తిరిగే ఇంకొక దాని సంగతి చెప్పాలి. దాని పేరు ఆత్రం. ఎదురుచూపుకు ఓపిక ఉంటుంది, ఆత్రానికి ఉండదు. ఎదురుచూసేవాడు పక్కవాడికి చోటిస్తాడు, ఆత్రపడేవాడు తోసుకుని వెళతాడు. సినిమా చూడాలన్నది ఆశ. అందరికంటే ముందు నేనే చూడాలన్నది ఆత్రం. వెనకటి రిక్షావాడు "త్వరలో" అని ఒక మాట చెప్పి తన దారిన పోయేవాడు. ఇప్పుడు సినిమాకు ముందు ట్రైలరు, ట్రైలరుకు ముందు టీజరు, టీజరుకు ముందు దాని తేదీ చెప్పే ప్రకటన, ఇన్ని రోజులే ఉందని రోజూ లెక్క. మనలో ఉన్న ఆశను ఊది ఊది ఆత్రం చేస్తారు. ఆత్రానికి టిక్కెట్టు ధర ఎక్కువ.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక థియేటరులో పెద్ద సినిమా ప్రీమియరు వేశారు. మర్నాడు దేశమంతటా విడుదలయ్యే సినిమా. హీరో వచ్చాడు. జనం ఎగబడ్డారు. ఆ తొక్కిసలాటలో, భర్తతో పిల్లలతో సరదాగా వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఆవిడ చిన్న కొడుకు ఊపిరాడక పడిపోయి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ వార్త చదివి, "అంత రాత్రివేళ పిల్లల్ని తీసుకుని వెళ్లకపోతేనేం" అన్నవాళ్లను నేను విన్నాను. అన్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పిల్లల ముచ్చట తీర్చడానికి వేళకాని వేళ బయలుదేరని తల్లి ఎవరు మనలో? ఆవిడ పెట్టుకున్నది మామూలు ఆశ. టిక్కెట్టు కొనుక్కుని, తన కుర్చీలో తను కూర్చుని, పిల్లలు చప్పట్లు కొడుతుంటే చూడాలన్న ఆశ. ఆ ఆశను నెలల తరబడి పెంచినవాళ్లు, అంతమంది ఆశలూ ఒక్క గుమ్మం దగ్గర చేరిన రాత్రి వాటికి సరిపడా జాగా చూపించారా అన్నది అసలు ప్రశ్న. పదిమందిని భోజనానికి పిలిచిన ఇల్లాలు పది విస్తళ్లు వేసిందో లేదో లెక్క చూసుకుంటుంది. ఊరినంతా పిలిచినవాళ్లకు ఆ లెక్క ఉండొద్దూ?

నా సందేహానికి నాకు దొరికిన సమాధానం ఇదే. ఆశపడటం తప్పు కాదు. అది ఇద్దరు పట్టుకున్న తాడులాంటిది. ఈ చివర పట్టుకున్నవాళ్లు, వచ్చినదాన్ని వచ్చినట్టుగా చూడాలి, తమ ఊహను దానిమీద అప్పుగా రాయకూడదు. ఆ చివర పట్టుకున్నవాళ్లు, ఎదుటివాళ్లలో ఆశ పుట్టించాక దానికి పూచీ పడాలి. నీతులన్నీ ఈ చివరివాళ్లకే చెబుతూ వచ్చాం. ఆశపడకు, ఓర్చుకో, సర్దుకో అని. ఆ చివరివాళ్లను అడిగినవాళ్లు తక్కువ.

ఆ చివర ఉండేది సినిమావాళ్లే అనుకోకండి. "వచ్చే ఆదివారం తప్పకుండా వెళదాం" అని పేపరులోంచి తల ఎత్తకుండా చెప్పే ఆయన అక్కడే ఉన్నాడు. "మార్కులు రానీ, సెలవుల్లో తీసుకెళతాను" అని పిల్లలకు చెప్పి మరిచిపోయే మనమూ అక్కడే ఉన్నాం. అలా వచ్చే ఆదివారాలన్నీ వెళ్లిపోయి, చూడాలనుకున్న సినిమాలు హాళ్లలోంచి ఎత్తేసి, తర్వాత ఎప్పుడో టీవీలో ప్రకటనల మధ్య ముక్కలుగా చూసిన ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు! వాళ్లెవరూ సినిమా దొరకలేదని ఏడవలేదు. తాము ఎదురుచూస్తున్నామన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తులేకపోవడం మాత్రం వాళ్లకు గుర్తుండిపోయింది.

2025 నవంబరు 15న హైదరాబాదులో రాజమౌళిగారు తమ కొత్త సినిమా పేరు వారణాసి అని ప్రకటించారు. వచ్చేది 2027లో అన్నారు. ఏడాదికి పైగా గడువు. ఫరవాలేదు, ఆయన సినిమాకు ఆగడం మనకు అలవాటే. ఆర్ఆర్ఆర్‌కు మొదట చెప్పిన తేదీ 2020 జులై 30. తర్వాత 2021 జనవరి 8 అన్నారు, అక్టోబరు 13 అన్నారు, 2022 జనవరి 7 అన్నారు. మధ్యలో కరోనా వచ్చి హాళ్లకు తాళాలు పడ్డాయి. చివరకు 2022 మార్చి 25న వచ్చింది. ఆలస్యానికి ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఎందుకంటే, తప్పినప్పుడల్లా ఫలానా రోజున కుదరలేదు, ఇదిగో ఇంకో రోజు అని చెబుతూనే ఉన్నారు. ఎదురుచూసేవాళ్లు అక్కడ ఉన్నారని వాళ్లకు గుర్తుంది.

అంచేత ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "తర్వాత చూద్దాంలే" అంటే అలిగి వంటింట్లోకి వెళ్లకండి. నవ్వుతూనే తేదీ అడగండి. మీ పిల్లలు మిమ్మల్ని అడిగితే మీరూ తేదీ చెప్పండి. ఆ తేదీ వాయిదా పడితే పడనివ్వండి. నాలుగుసార్లు వాయిదా పడి ఐదోసారి వచ్చిన సినిమాకు మనం చప్పట్లు కొట్టలేదా? తేదీ అంటూ ఒకటి ఉండాలి.